చెప్పని మాటకు శిక్ష

ఒక మతసంఘంలో సిద్ధాంత విషయమై తగవు పుట్టినప్పుడు రెండు ప్రశ్నలు కలిసి తలయెత్తుతాయి. ఆ బోధ సత్యమా, అసత్యమా అన్నది మొదటిది. బోధించినవానిని విచారించిన పద్ధతి న్యాయమా, అన్యాయమా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం ఎవరి విశ్వాసాన్ని బట్టి వారికి మారుతుంది. వందల సంవత్సరాలు గడచినా తేలకపోవచ్చు. రెండవదానికి సమాధానం అంత దుర్లభం కాదు. నిందితుడు ఏమన్నాడో సరిగా విన్నారా? అతడు అనని మాటను అతనికి అంటగట్టినారా? నింద మోపినవారికీ, తీర్పు చెప్పినవారికీ నడుమ ఏమైనా దూరమున్నదా? ఈ సంగతులను ఏ మతస్థుడైనా, ఏ మతమూ లేనివాడైనా పరిశీలించి చెప్పవచ్చును.

మన తార్కికులు ఇటువంటి భేదాన్ని ఏనాడో గుర్తించినారు. న్యాయశాస్త్రం చర్చను వాదమనీ, జల్పమనీ, వితండ అనీ మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలిసికొనవలెనన్న కోరికతో సాగేది వాదం. గెలుపే లక్ష్యంగా సాగేది జల్పం. తనదంటూ ఒక పక్షాన్ని నిలుపక, ఎదుటివాని పక్షాన్ని కూలద్రోయుటకే సాగేది వితండ. తన సిద్ధాంతాన్ని స్థాపించబోయే ముందు పూర్వపక్షాన్ని, ఎదుటివాడు “అవును, నేననేది ఇదే” అని ఒప్పుకొనే రీతిగా చెప్పడం మన శాస్త్రచర్చలలో ఆదర్శంగా ఎంచబడినది. పూర్వపక్షం చెడగొట్టి చెప్పినవాని గెలుపును పండితులు గెలుపుగా లెక్కించరు.

ఈ గీటురాయి మీద గీచి చూడదగిన వృత్తాంతం ఒకటి ఐరోపా చరిత్రలో ఉన్నది. అది బొహీమియాలో, అనగా నేటి చెక్ దేశంలో, పదునైదవ శతాబ్దిలో జరిగినది. ఆ వృత్తాంతానికి ఒక విశేషమున్నది. ఒకే దేశంలో పుట్టిన ఒకే ఉద్యమం, ఒకే చర్చికి చెందిన రెండు మహాసభల ముందుకు రెండు మారులు విచారణకు వచ్చినది. మొదటి సభ 1415లో ఒక విధంగా విచారించినది. రెండవ సభ 1433లో మరియొక విధంగా విచారించినది. నడుమ పదునెనిమిది సంవత్సరాలు. అందులో అధికభాగం యుద్ధం.

బెత్లెహేము ప్రార్థనామందిరం

యాన్ హుస్ 1370 ప్రాంతంలో దక్షిణ బొహీమియాలోని హుసినెట్స్ అనే గ్రామంలో బీద కుటుంబంలో పుట్టినాడు. ప్రేగ్ విశ్వవిద్యాలయంలో చదివి 1396లో ఆచార్య పట్టం పొందినాడు. తరువాత గురుత్వం స్వీకరించి 1402లో ప్రేగ్ నగరంలోని బెత్లెహేము ప్రార్థనామందిరంలో ప్రసంగకర్తగా నియమితుడైనాడు. ఆ మందిరాన్ని 1391లో ప్రత్యేకంగా దేశభాషలో ప్రసంగాలు జరుగుట కొరకే స్థాపించినారు. చర్చిలో లాటిన్ భాషకు తప్ప మర్యాద లేని ఆ కాలంలో హుస్ తన ప్రజలకు వారి చెక్ భాషలో బోధించినాడు. వేలమంది వచ్చి వినేవారు.

ఆనాటి చర్చి పరిస్థితి శోచనీయంగా ఉన్నది. 1378 నుండి ఇద్దరు పోపులు, 1409 నుండి ముగ్గురు పోపులు, ఎవరికి వారు తామే నిజమైన పోపులమని చెప్పుకొంటూ ఒకరినొకరు వెలివేసికొంటున్నారు. పదవులు అమ్ముడుపోతున్నాయి. ఆక్స్‌ఫర్డు పండితుడు జాన్ విక్లిఫ్ అంతకుముందే వీటిని తీవ్రంగా ఖండించి 1384లో మరణించినాడు. ఆయన గ్రంథాలు ప్రేగ్ చేరినవి. హుస్ వాటిని శ్రద్ధగా చదివినాడు, అందులో చాలా భాగం ఆమోదించినాడు, కొంత ఆమోదించలేదు. ఈ “కొంత” అన్న మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలె. రాబోయే విచారణ అంతా దాని చుట్టూనే తిరిగినది.

1412లో ముగ్గురు పోపులలో ఒకడైన ఇరువది మూడవ జాన్, నేపుల్స్ రాజుపై యుద్ధానికి ధనం కొరకు పాపపరిహార పత్రాలను విక్రయింపజేసినాడు. (ఈ జాన్‌ను చర్చి తరువాత పోపుల వరుసలో లెక్కించలేదు.) పశ్చాత్తాపం లేకుండ డబ్బుతో పాపక్షమ ఎట్లా వస్తుందని హుస్ బహిరంగంగా ప్రశ్నించినాడు. అప్పటికే ఆయనపై ఉన్న బహిష్కార శిక్ష ఇంకను కఠినమైనది. ఆయన ఉన్నంతకాలం ప్రేగ్ నగరంలో ఆరాధనలు జరుగరాదని నిషేధం వచ్చినది. తన వలన పట్టణమంతా శిక్ష అనుభవించరాదని హుస్ ప్రేగ్ విడిచి పల్లెలకు పోయినాడు. అక్కడ సంఘాన్ని గురించిన గ్రంథాన్ని వ్రాసి 1413లో ముగించినాడు. సంఘానికి నిజమైన శిరస్సు క్రీస్తే అనీ, ఘోరపాపంలో మునిగియున్న అధికారి పేరుకే అధికారి అనీ దాని సారాంశం.

ఆ గ్రంథంలో చర్చి శాసనాలకు సరిపడని మాటలు ఉన్నవన్నది నిజం. అధికారి గుణాన్ని బట్టి అధికారానికి విలువ వస్తుందనే వాదం ఏ వ్యవస్థకైనా చిక్కు తెచ్చేదే. ఎంత ధర్మంగా విచారించినా ఆనాటి సభ హుస్ బోధలో కొన్ని దోషాలు ఎంచియుండెడిదేమో. కనుక హుస్ చెప్పినదంతా సత్యమని నిరూపించడం ఈ వ్యాసానికి అవసరం కాదు. ఆయన చెప్పినదేమిటో ఆ సభ తెలిసికొన్నదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

అభయపత్రం

ముగ్గురు పోపుల సమస్యను తీర్చుటకు 1414లో కాన్‌స్టన్స్ నగరంలో చర్చి మహాసభ సమావేశమైనది. దానికి ముఖ్య ప్రోత్సాహకుడు హంగేరీ రాజూ, జర్మనీ ప్రభువూ అయిన సిగిస్మండ్. ఆయన హుస్‌ను సభకు రమ్మని ఆహ్వానించి, స్వేచ్ఛగా పోవుటకు, ఉండుటకు, తిరిగి వచ్చుటకు అభయపత్రం ఇచ్చినాడు. పత్రం చేతికి రాకముందే హుస్ బయలుదేరి నవంబరు 3న కాన్‌స్టన్స్ చేరినాడు. పండితుల సభలో తన పక్షాన్ని వినిపించవచ్చుననే ఆశతో ప్రసంగాలు కూడ సిద్ధం చేసికొని తెచ్చుకొన్నాడు.

నవంబరు 28న ఆయనను నిర్బంధించినారు. సరోవరం మధ్య ఉన్న డొమినికన్ మఠంలో, మరుగుదొడ్డి ప్రక్కన ఉన్న చీకటి గదిలో ఉంచినారు. అక్కడ ఆయన తీవ్రంగా జబ్బుపడినాడు. ఆ స్థితిలోనే సాక్షులను ఆయన ఎదుటికి తెచ్చి ప్రమాణం చేయించినారు. న్యాయవాది కావలెనని కోరితే, పాషండుడన్న అనుమానం ఉన్నవానికి న్యాయవాది ఉండరాదని చట్టం చూపి నిరాకరించినారు. నేరారోపకులలో ముఖ్యుడైన స్టెఫాన్ పాలెచ్ ఒకనాడు హుస్‌కు ప్రాణమిత్రుడు. ఈ పాలెచే హుస్ గ్రంథం నుండి వాక్యాలు ఏరి అభియోగ పట్టిక తయారుచేసినాడు. సిగిస్మండ్ వచ్చి మొదట కోపించినాడు. పట్టుపడితే సభ చెదరిపోగలదని వారు బెదిరించగా మెత్తబడినాడు. పాషండుని విచారించుటకు రాజుల అభయపత్రాలు అడ్డు కాజాలవని సభ తరువాత తీర్మానం కూడ చేసినది.

బహిరంగ విచారణ 1415 జూన్ 5, 7, 8 తేదీలలో జరిగినది. హుస్ వెంట వచ్చిన పీటర్ మ్లాదొనొవిట్సె అనే యువకుడు ఆ విచారణలను కన్నులారా చూచి విపులంగా వ్రాసిపెట్టినాడు. మొదటి రోజున హుస్‌ను సభకు తీసికొని రాకముందే అభియోగాలు చదవడం మొదలైనది; ఖండన తీర్మానం కూడ ముందే వ్రాసియున్నది. ఈ సంగతిని హుస్ మిత్రులు సిగిస్మండ్‌కు చేరవేయగా, నిందితుని వినకుండ తీర్పు చెప్పవద్దని ఆయన కబురు పంపినాడు. అప్పుడు హుస్‌ను తెచ్చినారు. కాని ఆయన నోరు తెరిచినంతనే నలుప్రక్కల నుండి కేకలు. తర్కం మాని అవునో కాదో చెప్పమన్నారు. ఆయన మాటాడుట మానితే, మౌనం అంగీకారమన్నారు.

కేకల నడుమ జరిగినదానిని వాదమని ఎవరూ అనలేరు. మన శాస్త్రకారుల లెక్కలో అది జల్పం కూడ కాదు; జల్పంలో ఎదుటివానికి తన పక్షం చెప్పుకొనే అవకాశమైనా ఉంటుంది.

విసర్జించుట ఎట్లా?

అన్నింటికంటె గడ్డు చిక్కు మరియొకటి ఉన్నది. ప్రభుభోజన సంస్కారంలో గురువు మంత్రించిన తరువాత కూడ రొట్టె పదార్థం రొట్టెగానే మిగులుతుందని విక్లిఫ్ బోధించినాడు. చర్చి సిద్ధాంతానికి అది విరుద్ధం. హుస్ ఈ మాట ఎన్నడూ బోధించలేదు. బోధించలేదని సభలో పలుమారులు చెప్పినాడు. అయినను విక్లిఫ్ గ్రంథాలను మెచ్చుకొన్నవాడు విక్లిఫ్ చెప్పిన ప్రతి మాటకూ బాధ్యుడనే ధోరణిలో ఆ అభియోగం ఆయనపై నిలిచినది. ఆయన గ్రంథం నుండి ఏరిన వాక్యాలలో కొన్ని యథాతథంగా ఉన్నవి. కొన్నింటిని ముందువెనుకలు కత్తిరించి చేర్చినారు.

ఇవన్నీ విడిచిపెట్టినట్లు ప్రమాణం చేయుమని సభ కోరినది. హుస్ సమాధానం సూటియైనది. నేను పట్టుకొనని దానిని నేనెట్లా విడువగలను? తప్పు బోధించినట్లు లేఖనాల ఆధారంతో చూపితే వినయంగా దిద్దుకొంటాను. బోధించనిదానిని బోధించినట్లు ఒప్పుకొని విసర్జిస్తే దేవుని ఎదుట అబద్ధ ప్రమాణం చేసినవాడనవుతాను. ఇదీ ఆయన చెప్పిన మాటల తాత్పర్యం. ఎన్నడూ నమ్మని దోషాలనైనా విసర్జించుటకు నాకేమీ అభ్యంతరం ఉండదని సిగిస్మండ్ నచ్చజెప్పబోయినాడు. రాజుకు అది ఒక సంతకం. హుస్‌కు అది తన బోధ విని నమ్మిన వేలమంది ఎదుట తన జీవితం అబద్ధమని చాటడం.

సభలోని వారందరు క్రూరులు కారు. జెర్సాన్, దయ్యీ వంటి ఫ్రెంచి పండితులు స్వయంగా చర్చి సంస్కరణను కోరినవారు. ఇరువది మూడవ జాన్‌ను దోషిగా నిర్ణయించి పదవి నుండి తొలగించినది కూడ ఈ సభయే. సభలో ఒక పెద్ద, హుస్‌పై జాలితో మెత్తని ప్రమాణపత్రం ఒకటి వ్రాసి పంపినాడు. తాను తలపనివి కూడ అనేకం తనకు అంటగట్టబడినవని చెప్పుకొంటూనే సభ నిర్ణయానికి లోబడుతున్నట్లు అందులో ఉన్నది. హుస్ కృతజ్ఞతతో దానిని నిరాకరించినాడు. దానిపై సంతకం చేస్తే తాను సత్యమని నమ్మినవి కూడ తప్పులని ఒప్పుకొన్నట్లవుతుంది.

జూలై 6న ప్రధాన దేవాలయంలో తీర్పు చదివినారు. ముప్పది వాక్యాలు దోషయుక్తమైనవన్నారు. ఆనాడు చదివిన సాక్ష్యాలలో ఒకటి, త్రిత్వంలో తాను నాల్గవ వ్యక్తినని హుస్ చెప్పుకొన్నట్లు! ఆ సాక్షి పేరు చెప్పుమని హుస్ అడిగినాడు. పేరు చెప్పవలసిన అవసరం లేదన్నారు. గురుత్వ వస్త్రాలు ఒలిచి, దయ్యాల బొమ్మలు గీచిన కాగితపు కిరీటం తలపై పెట్టి, నగరం వెలుపలకు కొనిపోయి సజీవంగా దహనం చేసినారు. ఆయన అభిమానులు అస్థికలు ఏరుకొనకుండ బూడిదను రైన్ నదిలో కలిపినారు.

తీర్పు తెచ్చిన యుద్ధం

ఒక మనిషి నోరు మూయిస్తే తగవు ముగుస్తుందని సభ భావించినది. ఆ సెప్టెంబరులోనే బొహీమియా, మొరేవియాలకు చెందిన 452 మంది ప్రభువులు తమ ముద్రలు వేసి నిరసన లేఖ పంపినారు. అభయమిచ్చి పిలిచి చంపినారన్నది వారి ప్రధానమైన బాధ. సభ వెనుకకు తగ్గలేదు. హుస్ మిత్రుడు జెరోమ్‌ను కూడ 1416 మే 30న అదే రీతిగా దహనం చేసినది.

హుస్ బ్రదికియుండగానే ప్రేగ్‌లో మరియొక ఆచారం మొదలైనది. ప్రభుభోజనంలో రొట్టెను మాత్రమే సామాన్య ప్రజలకిచ్చి ద్రాక్షారస పాత్రను గురువులు మాత్రమే స్వీకరించుట నాటి వాడుక. 1414లో యాకోబెక్ అనే గురువు ఆ పాత్రను ప్రజలందరికి అందించుట ప్రారంభించినాడు. కాన్‌స్టన్స్ సభ 1415 జూన్‌లో దానిని నిషేధించినది. అటు తరువాత ఆ పాత్ర హుస్ అనుచరుల జెండాలపైకి ఎక్కినది.

1419లో ప్రేగ్‌లో తిరుగుబాటు లేచినది. బొహీమియా రాజు మరణించగా వారసుడు ఆయన సోదరుడు సిగిస్మండే. అభయపత్రం ఇచ్చి నిలుపుకొననివానిని రాజుగా అంగీకరించుటకు హుస్ అనుచరులు ఇష్టపడలేదు. 1420లో వారు తమ కోర్కెలను నాలుగు సూత్రాలుగా ప్రకటించినారు. దేవుని వాక్యాన్ని స్వేచ్ఛగా ప్రకటించనిచ్చుట, రొట్టెతోపాటు పాత్రను కూడ అందరికి ఇచ్చుట, గురువులు లౌకికాధికారాన్ని, ఆస్తులను విడిచిపెట్టుట, ఘోరపాపాలను ఎవరు చేసినా దండించుట అన్నవే ఆ నాలుగు.

వారిని అణచుటకు 1420 నుండి 1431 వరకు ఐదు క్రూసేడులు నడిచినవి. ఒంటికన్ను సేనాని యాన్ జిష్కా, ఆయన మరణానంతరం ప్రొకోప్, రైతులను, బండ్లను కోటగా కట్టి యోధులను త్రిప్పికొట్టినారు. ఉభయపక్షాలు ఘోరకృత్యాలు చేసినవి. మఠాలు తగులబడినవి, ఊళ్లు పాడైనవి. 1431 ఆగస్టు 14న డొమజ్లిట్సె వద్ద ఐదవ క్రూసేడు సేన, శత్రుసేన వచ్చుచున్నదని తెలియగానే చెదరి పారిపోయినది. ఆ సేన వెంట పోపు ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ చెసరీని కూడ పలాయనం చిత్తగించక తప్పలేదు.

చెబ్ పట్టణంలోని ఒడంబడిక

కథ ఇక్కడ మలుపు తిరుగుతున్నది. ఈ చెసరీనియే బాసెల్ నగరంలో అప్పుడే ఆరంభమైన కొత్త మహాసభకు అధ్యక్షుడు. కత్తితో తీరని తగవును మాటతో తీర్చుకొనవలెనన్న నిశ్చయం ఆయనకు కలిగినది. అక్టోబరులో బొహీమియావారికి ఆహ్వానం పోయినది. పోపు నాలుగవ యూజీనియస్ ఆ సభను రద్దు చేయబోగా, చెసరీని ఎదురు లేఖలు వ్రాసి సభను నిలిపినాడు.

బొహీమియావారు వెంటనే నమ్మలేదు. కాన్‌స్టన్స్‌కు పోయిన హుస్ తిరిగి రాలేదు కదా! కనుక సభకు పోయేముందు సభానియమాలు స్థిరపడవలెనని పట్టుపట్టినారు. 1432 మే నెలలో చెబ్ పట్టణంలో ఇరుపక్షాల ప్రతినిధులు కూర్చుండి ఒడంబడిక వ్రాసికొన్నారు. అందులోని విషయాలు ఉపాధ్యాయులు తమ తరగతిలో చెప్పదగినంత ముఖ్యమైనవి.

వచ్చుటకు, ఉండుటకు, తిరిగి పోవుటకు పూర్తి అభయం ఉండవలె. కాన్‌స్టన్స్ తీర్మానాలను అడ్డుపెట్టుకొని ఆ అభయాన్ని భంగపరచరాదు. బొహీమియా ప్రతినిధులు తమ నాలుగు సూత్రాలను గురించి చెప్పదలచుకొన్నదంతా సభ వినవలె. ఇక తీర్పరి ఎవరు? ఒక పక్షం పోపునో సభనో తీర్పరి అంటే రెండవ పక్షం అంగీకరించదు. దేవుని ధర్మశాస్త్రం, క్రీస్తు, ఆయన శిష్యులు, తొలినాటి సంఘం నడిచిన నడవడి, వాటిని అనుసరించిన సభలు, ఆచార్యులు ఈ వివాదంలో నిష్పాక్షికమైన తీర్పరి అని ఇరుపక్షాలు ఒప్పుకొన్నవి. చెక్ చరిత్రలో ఇది “చెబ్ న్యాయాధిపతి” అనే పేరుతో నిలిచినది. ఆ న్యాయాధిపతి మనిషి కాడు. ఇద్దరికీ సమ్మతమైన ప్రమాణం. ప్రమాణం ఏదో ముందు నిర్ణయించుకొనక ప్రమేయాన్ని గురించి పోరాడరాదన్న మన తార్కికుల మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకుట కష్టం.

బాసెల్ సభలో

1433 జనవరి 4న సుమారు మూడువందల పరివారంతో బొహీమియా ప్రతినిధివర్గం బాసెల్ చేరినది. ఎవరి పేరు చెబితే పిల్లలు నిద్రపోయేవారు కాదో ఆ ప్రొకోప్‌ను చూచుటకు జనం వీధులలో గుమిగూడినారు. ఏ సేనను ఆయన తరిమినాడో ఆ సేనకు పోపు ప్రతినిధిగా ఉన్న చెసరీని వారికి సభలో స్వాగతం పలికినాడు.

నలుగురు బొహీమియా పక్షాన, నలుగురు సభ పక్షాన మాటాడినారు. పాత్రను గురించి ప్రేగ్ గురువు రొకిత్సానా, దండనను గురించి మికులాష్, ప్రసంగ స్వేచ్ఛను గురించి ఉల్రిక్, ఆస్తిని గురించి పీటర్ పేన్ వాదించినారు. ఈ పేన్ ఆక్స్‌ఫర్డులో విక్లిఫ్ భావాలతో పెరిగి బొహీమియా చేరిన ఆంగ్లేయుడు. వారు మాటాడినంతసేపు సభ విన్నది. సభ పక్షాన రగూసా నగరానికి చెందిన జాన్ ఎనిమిది రోజులు ఉపన్యసించినాడు, వారు విన్నారు.

ఆ ఉపన్యాసంలో జాన్ పదే పదే పాషండులనే మాట వాడినాడు. ప్రొకోప్ లేచి ఆక్షేపించినాడు. తగవు ఇంకా తీరలేదు. తీరకముందే మమ్ము దోషులని పిలుచుట ఒడంబడికకు విరుద్ధం కాదా అని ఆయన వాదం. సభ్యులు ఇరువైపులా శాంతపరచినారు. పదునెనిమిది సంవత్సరాల క్రితం నిందితుని నోటినుండి వెలువడిన ప్రతి మాటకు కేకలు వేసిన చోట, ఇప్పుడు ఒక విశేషణాన్ని గురించి ఆక్షేపణ చెల్లినది. ఈ తేడా చిన్నది కాదు.

మూడు నెలల చర్చలో ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఏప్రిలులో ప్రతినిధులు ప్రాణాలతో, మర్యాదతో తిరిగిపోయినారు. చర్చ ప్రేగ్‌లో కొనసాగినది. చివరకు ఒడంబడిక కుదిరి, 1436 జూలైలో యిహ్లవా పట్టణంలో ప్రకటితమైనది. బొహీమియా, మొరేవియాలలో కోరుకొన్నవారికి పాత్రను కూడ ఇవ్వవచ్చును. అయితే రొట్టెలోనూ, రసంలోనూ క్రీస్తు సంపూర్ణంగానే ఉన్నాడని గురువులు బోధించవలె. మిగిలిన మూడు సూత్రాలను మెత్తబరచి అంగీకరించినారు. ఇరుపక్షాలూ కొంత విడిచినవి. ఏ పక్షమూ తన ఆత్మను విడువలేదు.

ఈ శాంతి మాటలతో మాత్రమే వచ్చినదనుట చరిత్రకు అన్యాయం. రాజీకి ఇష్టపడని తీవ్రవాదులను 1434 మే 30న లిపాని వద్ద మితవాదులు, కాథలిక్కులు కలిసి ఓడించినారు. ప్రొకోప్ అక్కడనే హతుడైనాడు. గెలువలేమని తెలిసిన తరువాతనే చర్చి వినుటకు సిద్ధపడినదన్నదీ నిజమే. బలహీనుడైన హుస్‌కు దొరకని న్యాయం బండ్లకోటలు కట్టినవారికి దొరికినది. న్యాయం బలవంతునికే దక్కితే దానిని న్యాయమనుట ఎట్లా అని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. మొదటిసారే వినియుంటే ఇంత రక్తం చిందవలసిన అవసరం ఉండేదా అన్న ప్రశ్నను దాని ప్రక్కన ఉంచవలె.

మాట తప్పుట, మాట నిలుపుట

ఒడంబడికకు గండం తప్పలేదు. 1462లో పోపు రెండవ పయస్ దానిని ఏకపక్షంగా రద్దు చేసినాడు. మరల వైరాలు లేచినవి. అయితే బొహీమియా ప్రజలు ఒక అనుభవం సంపాదించియున్నారు. 1485లో కుత్నా హోరాలో కాథలిక్కులు, పాత్రపక్షంవారు తమలో తాము ఒప్పందం చేసికొన్నారు. రెండు పక్షాలకు సమానమైన స్థానం. ప్రభువు ఏ పక్షంవాడైనా అతని క్రింది రైతు తనకిష్టమైన పక్షంలో ఉండవచ్చును. 31 సంవత్సరాలకు చేసిన ఆ ఒప్పందాన్ని 1512లో శాశ్వతం చేసినారు. రాజు మతమే ప్రజల మతం కావలెనన్న నియమం ఐరోపాలో ఇంకను పాలించబోతున్న కాలంలో, రైతు మనస్సాక్షికి ఇంత చోటు ఇచ్చిన ఒప్పందం అరుదైనది. కాలక్రమాన అది కూడ శిథిలమై, 1620లో ప్రేగ్ సమీపాన జరిగిన తెల్లకొండ యుద్ధం తరువాత పూర్తిగా అంతరించినది.

హుస్ కథకు ఇటీవల మరియొక పుట చేరినది. 1999 డిసెంబరులో రోమ్‌లో హుస్‌ను గురించి జరిగిన పండిత గోష్ఠికి వచ్చినవారి ఎదుట పోపు రెండవ జాన్ పాల్, హుస్‌కు విధించిన క్రూర మరణానికి ప్రగాఢమైన విచారం తెలిపినాడు. హుస్ బోధలన్నీ సరియైనవని ఆయన అనలేదు. అనవలసిన అవసరం కూడ లేదు. బోధను ఒప్పుకొనకయే అన్యాయాన్ని అన్యాయమని ఒప్పుకొనవచ్చును. మొదట చెప్పిన రెండు ప్రశ్నలు వేరువేరని చర్చి పెద్దయే ఆ విధంగా చూపినాడు. చెక్ దేశంలో జూలై 6 నేడు ప్రభుత్వ సెలవు దినం.

ఈ వృత్తాంతంలోని సిద్ధాంతాలు మనలో చాలామందికి దూరమైనవి. రొట్టెను, పాత్రను గురించిన తగవు అర్థం కావుటకే వ్యాఖ్యానం కావలె. కాని అందులోని అన్యాయం అర్థం కావుటకు ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు. తరగతిలో ఒక పిల్లవాడు “నేనట్లా అనలేదండీ” అన్నప్పుడు, “అనలేదని ఎందుకంటావు, తప్పని ఒప్పుకో, వదిలివేస్తాను” అనే ఉపాధ్యాయుడు దయ చూపుతున్నాననే అనుకొంటాడు. సిగిస్మండ్ కూడ అట్లే అనుకొన్నాడు. ఆ పిల్లవాడు తప్పించుకొనుటకు అబద్ధం నేర్చుకొంటాడు, లేదా నిజం పట్టుకొని దెబ్బలు తింటాడు. ఏది జరిగినా బడిలో పాఠం తారుమారైనట్లే.

కనుక మతసభలోనైనా, పాఠశాలలోనైనా, పంచాయతీలోనైనా భిన్నమైన మాట చెప్పినవానిని విచారించుటకు కూర్చున్నవారు ముందుగా ఆ మాటను అతని నోట అతడు చెప్పిన తీరున చెప్పించవలె. దానిని తిరిగి తాము చెప్పి, ఇదేనా నీవన్నది అని అడుగవలె. అతడు అవునన్న తరువాతనే ఖండన మొదలుపెట్టవలె. కాన్‌స్టన్స్ సభ ఆ ప్రశ్న వేసినది గాని సమాధానాన్ని లెక్కచేయలేదు. అందుచేత ముప్పది వాక్యాలను దహించబోయి, వాటిలో కొన్నింటిని ఎన్నడూ పలుకని మనిషిని దహించినది.